కాళ్ళ కింద సూర్యుడు

ఈ సంవత్సరం మన యూనియన్ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. పూర్వ విద్యార్థుల సంఘంవారు కాలేజీకి శాశ్వతమైన కానుక ఒకటి ఇవ్వదలిచారు. మెయిన్ గేటు నుంచి లైబ్రరీ మెట్ల దాకా వున్న కాలిబాటను తవ్వేసి, దాని స్థానంలో సోలార్ పలకలు పరుస్తారట. మనం వాటి మీద నడిచిపోతుంటే అవి మన కాళ్ళ కింద కరెంటు తయారుచేస్తూ వుంటాయట. రాత్రయ్యేసరికి ఆ కరెంటుతోనే బాట వెంబడి దీపాలు వెలుగుతాయి. బాట మొదట్లో నల్లరాతి ఫలకం, దాని మీద దాతల పేర్లు. నక్షా గీయించి నోటీసు బోర్డులో కూడా పెట్టారు. నక్షాలో నడుస్తున్న అమ్మాయిలు, అబ్బాయిలు అందరూ బూట్లు వేసుకుని వున్నారు. మన కాలేజీలో బూట్లు వేసుకునేది ఎన్.సి.సి. వాళ్ళూ, ఇంటర్వ్యూలకు వెళ్ళేవాళ్ళూ మాత్రమేనన్న సంగతి చిత్రకారుడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇది వోటింగుకు వస్తుంది. నేను వ్యతిరేకంగా వోటు వెయ్యబోతున్నాను. ఎందుకో ఈ సంచికలో రాయడానికి సంపాదకులు చోటిచ్చారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. ముందే ఒక మాట. ఇచ్చే చేతిని అడ్డుకోవాలన్న ఉద్దేశం నాకు లేదు. ఇచ్చేవాళ్ళు మా సీనియర్లు, మా లెక్చరర్లకు కూడా సీనియర్లు. వారి డబ్బు మనకి రావాలి, సోలార్‌కే ఖర్చు కావాలి. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే నా పేచీ.

మనుషులు నడిచే సోలార్ పలక అనేది కట్టుకథ కాదు. అమెరికాలో జార్జి వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు వర్జీనియాలోని తమ క్యాంపస్‌లో 2013లోనే ఒక చిన్న సౌర కాలిబాట వేశారు. వంద చదరపు అడుగుల చోటు, జారకుండా గరుకుదేలిన 27 పలకలు, కింద కొన్ని వందల చిన్న దీపాలు. మన పెద్దలకు ఈ ఊహ అక్కడి ఫొటో చూసే వచ్చిందో ఏమో గాని, పోలిక బాగానే కుదిరింది. ఆ బాట పూర్తి ఎండలో ఇచ్చే శక్తి 400 వాట్లు. అంటే చదరపు మీటరుకు సుమారు 43 వాట్లు. మన బాట 120 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు. ఆ లెక్కన మనకు 10 కిలోవాట్లు వస్తాయి. అదే 240 చదరపు మీటర్ల పలకలు ఏ మేడమీదనో మామూలుగా బిగిస్తే ఈనాటి సరుకుతో 48 కిలోవాట్లు. పదేళ్ళలో నడిచే పలకలూ మెరుగుపడ్డాయి, నిజమే. మెరుగుపడ్డదాన్ని రెట్టింపు వేసుకున్నా 20 దాటదు. అదీ పూర్తి ఎండలో. మన బాటకు రెండు పక్కలా నిద్రగన్నేరు చెట్లు కమ్ముకుని వున్నాయి. వాటిని కొట్టేస్తామని నక్షాలో ఎక్కడా లేదు. కొట్టేస్తామంటే నేను ఇంత మర్యాదగా రాసేవాణ్ణి కాను.

నీడ సంగతి ఎలక్ట్రికల్ వాళ్ళకు తెలుసు, తక్కినవారి కోసం రెండు ముక్కలు. పలకలోని సెల్స్ దండలో పూలలాగా వరసగా గుచ్చి వుంటాయి. ఒక సెల్ మీద నీడ పడితే అది తన వంతు కరెంటు ఇవ్వకపోవడమే కాదు, పక్కవి ఇచ్చే కరెంటుకూ అడ్డుపడి వేడెక్కిపోతుంది. దానికి విరుగుడుగా పక్కదారి డయోడ్లు పెడతారు గాని, అప్పుడు ఆ భాగం మొత్తం లెక్కలోంచి పోతుంది. నడిచేవాళ్ళ నీడ, చెట్ల నీడ, రాలిన ఆకులు, పిల్లలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటే వాళ్ళ నీడ. కాలిబాట అంటేనే నీడలు పడే చోటు.

ఇంతకన్నా పెద్ద ఎత్తున ప్రయత్నించినవాళ్ళూ వున్నారు. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర క్రొమ్మెనీ అనే ఊళ్ళో 2014 నవంబరులో సైకిళ్ళ బాటలో 70 మీటర్ల మేర సోలార్ పలకలు పరిచారు. ఒక సెంటీమీటరు మందం గాజు, దాని మీద జారకుండా ఒక పూత. మొదటి ఆరు నెలల్లో 3 వేల యూనిట్లు వచ్చాయి. అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువే. అయితే తొలి చలికాలంలోనే ఎండా చలీ మార్పులకు పూతలో కొంత లేచిపోయింది. మరి 2016 డిసెంబరులో ఫ్రాన్సువారు నార్మండీలోని టూరూవ్ర్ అనే ఊరి దగ్గర ఒక కిలోమీటరు రోడ్డు మీదే అతికించారు. 2,800 చదరపు మీటర్లు, 50 లక్షల యూరోలు. సాక్షాత్తూ మంత్రిగారు సెగొలెన్ రోయల్ వచ్చి ప్రారంభించారు. అయిదేళ్ళలో వెయ్యి కిలోమీటర్లు వేస్తామని అంతకుముందే ప్రకటించి వున్నారు. ఏం జరిగింది? లారీలు, ట్రాక్టర్లు నడిచి పలకలు పగిలాయి. చెట్ల ఆకులు పడి, నలిగి, అంటుకుపోయాయి. చక్రాల కింద చప్పుడు భరించలేక వేగం గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించవలసి వచ్చింది. 2018లో 90 మీటర్ల ముక్కను పీకేశారు. ఆ సంవత్సరం మొత్తం మీద వచ్చింది సుమారు 80 వేల యూనిట్లు. అంతే విస్తీర్ణం పలకలు మన తెలుగుదేశపు ఎండలో మేడల మీద వుంటే సంవత్సరానికి 7 లక్షల యూనిట్లకు పైనే వస్తాయని మా రూమ్మేటు, ఎలక్ట్రికల్ వాడు, పెన్ను తియ్యకుండా లెక్కకట్టి చెప్పాడు. నేను పెన్ను తీసి సరిచూశాను, వాడి లెక్క సరిపోయింది. చైనావారు జినాన్ నగరం దగ్గర 2017 చివర్లో వేసిన సౌర రహదారికి ఇంకో రకం గండం వచ్చింది. తెరిచిన వారంలోపే ఒక ముక్కను ఎవరో ఎత్తుకుపోయారు. ఆ గండం సంగతి మన గేటు దగ్గర సైకిలు పెట్టి తాళం వెయ్యడం మరిచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇంతవరకు చెప్పింది ఆదాయ వ్యయాల లెక్క. ఇదొక్కటే అయితే నేను కలం పట్టేవాణ్ణి కాను. కానుకకు ఆదాయమేమిటి, వేడుకకు పెట్టిన ఖర్చు అనుకోవచ్చు. నేను సివిల్ వాణ్ణి. నా బాధ ఇంకొకటి. "పలక తట్టుకుంటుందా?" అని అందరూ అడుగుతున్నారు గాని, "మనిషి తట్టుకుంటాడా?" అని ఒక్కరూ అడగటం లేదు. ఈ రెండూ ఒకటి కాదు.

పలక సంగతే ముందు చూద్దాం. మామూలు సోలార్ పలక అమ్మేవాళ్ళ కాగితంలో ఒక అంకె గర్వంగా రాసి వుంటుంది: 5,400 పాస్కల్స్. అంటే చదరపు మీటరుకు సుమారు 550 కిలోల బరువు. ఇది చూసి, "అయిదారుగురు మనుషుల బరువు మోస్తుంది కదా, ఒక్కడు ఎక్కితే ఏమవుతుంది?" అని అడిగేవాళ్ళు మన ఫైనలియర్‌లోనే వున్నారు. ఆ అంకె మంచుకు. చలిదేశాలలో పలక మీద మంచు సమంగా పరుచుకుని కూర్చుంటే ఎంత మోయగలదో చెప్పే అంకె అది. మనిషి మంచులాగా పరుచుకోడు. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద బరువు మోపితే, పాదం నేలకు తాకే మేర 150 చదరపు సెంటీమీటర్లు అనుకున్నా, అక్కడ పడే ఒత్తిడి 45 వేల పాస్కల్స్ దాటుతుంది. ఎనిమిది రెట్లు. ఇక మడమ మోపినా, మోకాలు ఆనించినా, చెప్పు కింద చిన్న గులకరాయి ఇరుక్కున్నా ఎన్ని రెట్లో మీరే వేసుకోండి. ఎత్తుమడమల జోళ్ళ సంగతి ఎత్తితే అమ్మాయిలు నన్ను మన్నించరు.

అలా అడుగు వేస్తే గాజు పగలదు. అదే ప్రమాదం. పగిలితే అందరికీ తెలిసేది. గాజు గట్టిపరిచినది, 3 మిల్లీమీటర్ల చిల్లర మందం వుంటుంది, అది వంగి మళ్ళీ యథాస్థితికి వస్తుంది. దాని కింద సెల్ మందం మిల్లీమీటరులో ఆరో వంతు కూడా వుండదు. అప్పడం లాంటిది. గాజు వంగినప్పుడు అది చిట్లుతుంది. పైకి గీత కూడా కనిపించదు. చీకటి గదిలో పెట్టి, కరెంటు ఎదురు పంపి, ప్రత్యేకమైన కెమెరాతో చూస్తే మాత్రం చెట్టు కొమ్మల్లాగా నల్లని చీలికలు బయటపడతాయి. రెండు వేసవులు గడిచాక ఆ చీలికల దగ్గర వేడి పుడుతుంది, రాబడి తగ్గుతుంది, అప్పుడు "సరుకు మంచిది కాదు" అంటారు. ఇప్పుడు రెండు వైపులా గాజు వేసి మధ్యలో సెల్స్ పెట్టిన పలకలు వస్తున్నాయి. వాటిలో చిట్లడం తక్కువే, ఎందుకంటే వంపు వచ్చినప్పుడు సరిగ్గా మధ్య పొర మీద సాగుడూ నొక్కుడూ రెండూ పడవు. కాని వాటి గాజు ఇంకా పలచన.

మరి నడవడానికే చేసిన పలక వేరు. దాన్ని నేలలాగా కట్టాలి. జనం గుమిగూడే చోట చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్ల బరువు లెక్కకట్టాలని మన పుస్తకాల్లో చదువుకున్నాం. గాజు నేల అయితే కనీసం మూడు పొరలు అతికించాలి. పై పొర పగిలినా కింది రెండూ మనిషిని నిలబెట్టాలి. ఇవన్నీ చెయ్యవచ్చు. చేసినవాళ్ళున్నారు. మందం పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, సెల్‌కు అందే వెలుతురు తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు మనిషి సంగతి.

గాజు తడిసిందంటే జారుతుంది. అందుకని పైన గరుకు పెడతారు. గరుకు పెడితే దుమ్ము పడుతుంది, దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, అందుకని కడుగుతారు, కడిగితే తడుస్తుంది. గరుకు ఎంత వుండాలో కొలవడానికి ఒక లోలకం వుంది. దాని చివర రబ్బరు ముక్క తడినేలను రాసుకుంటూ ఊగుతుంది. ఆ పరీక్షలో 36 దాటితే జారే ప్రమాదం తక్కువని లెక్క. కొత్త పలకకు 36 రావచ్చు. మూడువేల జతల చెప్పులు రోజూ అరగదీశాక, మూడో సంవత్సరం తొలకరి నాడు ఎంత వస్తుంది? ఆ కాగితం ఎవరైనా చూపిస్తే నేను సంతోషంగా చదువుతాను. మన ప్రతిపాదనకు జతపరచిన పదిహేను పేజీల్లో జారుడు అన్న మాటే లేదు.

వేడి. ఇది మన సొంత సమస్య, నార్మండీవాళ్ళకు లేనిది. పలక నల్లగా వుంటుంది, ఎండనంతా తాగాలి కాబట్టి. తాగినదాంట్లో అయిదో వంతు కరెంటు అవుతుంది, తక్కినదాంట్లో ఎక్కువ భాగం వేడి. మేడ మీద బిగించిన పలకకు వెనక గాలి ఆడుతుంది. అయినా మన మే నెలలో అది 65, 70 డిగ్రీలు చేరుతుంది. నేలకు అతికించిన పలకకు ఆ గాలి కూడా లేదు. డిగ్రీకి 0.3, 0.4 శాతం చొప్పున రాబడి పడిపోతుంది. 70 దగ్గర ఇంచుమించు ఆరో వంతు పోయినట్టే. పోతే పోయింది. దాని మీద నడిచేదెవరు? తిరుమల మాడవీధుల్లో వేసవిలో తెల్లని చలువరంగు ఎందుకు వేస్తారు? మన ఊరి గుళ్ళలో ప్రదక్షిణ దారిన గోనెపట్టాలు పరిచి నీళ్ళు ఎందుకు చల్లుతారు? వట్టికాళ్ళతో నడిచే దేశం కాబట్టి. నేలను తెల్లగా, చల్లగా చెయ్యడానికి పెద్దలు తరతరాలుగా తంటాలు పడుతుంటే మనం నల్లగాజు పరుస్తామంటున్నాం. వట్టికాళ్ళతో మా కాలేజీలో ఎవరు నడుస్తారండీ అంటారేమో. తోట పనివాళ్ళు నడుస్తారు. తాపీ పనికి వచ్చినవాళ్ళ పిల్లలు నడుస్తారు. చెప్పు తెగిన ప్రతివాడూ నడుస్తాడు. గాజు వేడిని చెక్కకన్నా చప్పున చర్మానికి అందిస్తుందన్నది ఇంటర్మీడియట్ ఫిజిక్సు.

కరెంటు సంగతి ఎలక్ట్రికల్ వాళ్ళకే వదిలేస్తాను గాని ఒక్క మాట. మేడ మీద పలకలు పద్దెనిమిది, ఇరవై వరసగా కలిపితే 800, 900 వోల్టుల దాకా వెళతాయి. సూర్యుడికి స్విచ్చి లేదు. పగలు వున్నంతసేపూ ఆ తీగల్లో వోల్టేజి వుంటుంది, మెయిన్ కట్టేసినా వుంటుంది. మనుషుల కాళ్ళ కింద, వాననీళ్ళు నిలిచే చోట పెట్టేవాటిని అలా కలపకూడదు. ఒక్కొక్క పలకనూ తక్కువ వోల్టేజిలోనే వుంచాలి. పొడి చోట్లకే 120 వోల్టుల డి.సి. హద్దు, తడి చోట అంతకన్నా బాగా కిందికి రావాలి. తక్కువ వోల్టేజి అంటే ఎక్కువ కరెంటు, లావు తీగలు, ఎక్కువ నష్టం. చెయ్యవచ్చు. చేశారా లేదా అని అడిగే హక్కు మాత్రం నడిచేవాడికి వుంది.

అవతలివైపు న్యాయం కూడా చెప్పాలి. నార్మండీలో పలకను నేలబారుగా పరచడం పెద్ద తప్పు, అక్కడ సూర్యుడు దక్షిణాన వాలి వుంటాడు. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గర వున్నాం. ఇక్కడ నేలబారుగా పరిస్తే సంవత్సరం మీద పోయేది కొద్ది శాతమే. కాబట్టి ప్రపంచంలో ఎక్కడైనా నడిచే పలక కాస్త మేలుగా పనిచెయ్యాలంటే అది మన దగ్గరే. ఈ వాదన మా మిత్రుడు డిబేటులో వాడి నన్ను ఓడించాడు. ఓడిపోయాను గాని అభిప్రాయం మార్చుకోలేదు.

ఎందుకంటే ఇదే ఎండలో ఇదే పలకను కాళ్ళ కింద నుంచి తీసి నెత్తి మీద పెడితే అన్ని చిక్కులూ ఒక్కసారి విడిపోతాయి. ఉదాహరణకు అమెరికా వెళ్ళక్కర్లేదు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు వెంబడి 2023 అక్టోబరు 1న ప్రారంభించిన సైకిల్ బాట వుంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపుల 23 కిలోమీటర్లు. దాని పైకప్పే సోలార్ పలకలు, మొత్తం 16 మెగావాట్లు. క్రొమ్మెనీలోనూ సైకిలువాళ్ళే, ఇక్కడా సైకిలువాళ్ళే. అక్కడ చక్రం కింద పెట్టారు, ఇక్కడ తల మీద పెట్టారు. ఇక్కడ సైకిలువాడికి నీడ దక్కింది. గుజరాత్‌లో మెహసానా జిల్లా చంద్రాసన్ దగ్గర 2012లోనే కాలవ మీద 750 మీటర్ల మేర పలకలు కప్పి ఒక మెగావాటు తీశారు. కింద నీళ్ళు ఆవిరి కాకుండా కూడా కొంత మిగిలాయి. రామగుండంలో చెరువు మీద తేలే పలకలు 100 మెగావాట్లు, సింహాద్రిలో 25 మెగావాట్లు. ఆ తేలే కేంద్రాలలో గమనించవలసిన సంగతి ఒకటుంది. పలకల వరసల మధ్య మనుషులు నడవడానికి వేరే తెప్పలు వుంటాయి. నీళ్ళ మీద కాబట్టి, దారి లేకపోతే మనిషి మునుగుతాడు కాబట్టి, ముందే ఆలోచించారు.

నేల మీది మేడల దగ్గరే ఆ ఆలోచన లోపిస్తోంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. సోలార్ పలకల మీద నడవడం అనేది భవిష్యత్తులో రాబోయే వింత అని మనం అనుకుంటున్నాం. ఇప్పుడే రోజూ నడుస్తున్నారు. నడవడానికి చెయ్యని పలకల మీద నడుస్తున్నారు.

మా హాస్టలు మేడ మీద పలకలు వున్నాయి. కాంట్రాక్టరు ఎవరో పేరెందుకు, అందరూ అలాగే బిగిస్తున్నారు. చోటు వున్నంత మేర అంచు నుంచి అంచు దాకా, ఒకదానికొకటి ఆనించి బిగించారు. ఒక్కొక్కటి మనిషికన్నా పొడుగు, వెడల్పు మూడున్నర అడుగులు. అయిదు వరసలు. మధ్య వరసలో వున్న పలకను చెయ్యి చాచి తుడవడం భీముడి వల్ల కూడా కాదు. నెలకు రెండుసార్లు ఒకాయన వచ్చి కడుగుతాడు. తెల్లవారకముందే వస్తాడు. ఎండెక్కాక కాలే గాజు మీద చన్నీళ్ళు పోస్తే గాజు పగిలే ప్రమాదం, పైగా ఆయన కాళ్ళు నిలవవు. కాబట్టి తెల్లవారుజామునే రావాలి. తెల్లవారుజామున పలకల మీద మంచు తడి వుంటుంది. అందుచేత చెప్పులు విప్పేసి, వట్టికాళ్ళతో, చేతిలో నీళ్ళ పైపుతో, ఏటవాలు గాజు మీద ఎక్కుతాడు. ఆ వరసకు అవతల పిట్టగోడ మోకాలెత్తు. మూడంతస్తుల కింద సిమెంటు నేల.

"మీద కాలు పెట్టకూడదట కదా" అని ఒకసారి అడిగాను.

"ఎక్కడ పెట్టమంటారు సార్? మధ్యలో సందేదీ?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే ఎక్కడ పెట్టమంటానో తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. కోటి ఇళ్ళ మీద పలకలు పెట్టాలని లక్ష్యం. 3 కిలోవాట్లు పెట్టుకునే ఇంటికి 78 వేల రూపాయల సబ్సిడీ. మంచి పథకమే, మా ఇంట్లో కూడా దరఖాస్తు పెట్టారు. కాని కోటి ఇళ్ళ మేడలంటే కోటి మేడల మీదికి ఎవరో ఒకరు చీపురు పట్టుకుని ఎక్కాలి. మన మేడ అంటే ఏమిటి? వడియాలు పెట్టే చోటు, మిరపకాయలు ఎండేసే చోటు, సంక్రాంతికి పతంగులు ఎగరేసే చోటు, పరీక్షల ముందు పుస్తకం పట్టుకుని పచార్లు చేసే చోటు. అక్కడ మోకాలెత్తున పలకలు బిగిస్తే పిల్లవాడు తెగిన పతంగి కోసం వాటి మీదికి ఎగబాకడా? అమ్మ ఆ చివర ఆరేసిన చీర కోసం అటునుంచి ఇటు దాటదా? "ఎక్కరాదు" అని బొమ్మ అంటించినంత మాత్రాన సరిపోతుందా? సిమెంటు రేకుల షెడ్ల మీద అయితే పలకే కాదు, పక్కన కాలు పెట్టిన రేకే విరిగి లోపలికి పడేవాళ్ళుంటారు.

కాబట్టి మనుషులు క్షేమంగా నడవగలిగే సోలార్ అనే విషయం నాకు చాలా ముఖ్యమైన విషయమే. దాని తయారీ గాజు మందంతో కాక మేడ నక్షాతో మొదలు కావాలంటాను. అయిదు వరసలు పట్టే చోట నాలుగే వెయ్యండి. మధ్యలో రెండడుగుల దారి వదలండి, దాని మీద గరుకు ఇనపజాలీ పరవండి. కరెంటు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. అంచు వెంబడి నడుమెత్తు కమ్మీ కట్టండి. గచ్చులో నాలుగు గట్టి కొక్కేలు దిగెయ్యండి, కడిగేవాడు నడుముకు తాడు తగిలించుకోవడానికి. ఇళ్ళ మీదయితే పలకల్ని ఏడెనిమిది అడుగుల ఎత్తున పందిరిలాగా వెయ్యండి, కింద వడియాలకు కాకపోయినా మనుషులకు చోటు మిగులుతుంది. పందిరికి ఇనుము ఎక్కువ పడుతుంది, గాలివానకు లెక్క సరిగ్గా కట్టాలి, తుడవడానికి దాని పక్కన కూడా నిలబడే దారి వుండాలి. ఇవేవీ ఫొటోలో అందంగా రావు. కొక్కేనికి ప్రారంభోత్సవం చెయ్యడానికి మంత్రిగారు రారు.

మన పెద్దల కానుక విషయంలో నేను సమావేశంలో పెట్టబోయే సవరణ ఇది. గేటు నుంచి లైబ్రరీకి చెట్ల నీడ వుంది, దాన్ని అలాగే వుండనివ్వండి. హాస్టలు నుంచి మెస్సుకూ, మెస్సు నుంచి వర్క్‌షాపుకూ వెళ్ళే దారికి నీడ లేదు. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం భోజనానికి పరుగెత్తుకు వెళ్ళి పరుగెత్తుకు వస్తున్నాం. ఆ దారి పొడుగునా పలకల పందిరి వేయించండి. దాతల పేర్లు ప్రతి స్తంభం మీదా రాయించండి, ఒక్క ఫలకం కన్నా స్తంభాలు ఎక్కువ కాబట్టి అందరికీ చోటు దొరుకుతుంది. మిగిలిన డబ్బులో హాస్టలు మేడ మీద మధ్య వరస విప్పించి దారి వేయించండి, కొక్కేలు, కమ్మీ పెట్టించండి.

నడిచే పలక మాటేమిటంటారా? నాలుగు పలకలు తెప్పించి మెటీరియల్స్ లేబరేటరీ గుమ్మం ముందు పరుద్దాం. రోజూ అందరూ తొక్కే చోటది, నీడ లేదు. ఒక్కొక్క దానికి మీటరు పెట్టి, పక్కనే అదే కొలత మామూలు పలక ఒకటి మేడ మీద పెట్టి, ప్రతి వారం రెండింటి రాబడీ రాసుకుందాం. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు వేడి కొలుద్దాం. వాన పడిన రోజు లోలకం ఊపుదాం. దాన్ని వర్క్‌షాపులోనే తయారుచేసుకోవచ్చునని మా లెక్చరర్ గారు అన్నారు. మూడేళ్ళు పోయాక ఆ అంకెలు అనుకూలంగా వస్తే కాలిబాట ప్రతిపాదన మళ్ళీ పెట్టండి, అప్పటికి నేను పూర్వ విద్యార్థిని అయి వుంటాను, నా చందా కూడా తీసుకోండి.

సవరణను బలపరచడానికి ఇంకా పదిమంది సంతకాలు కావాలి. కాగితం మా బ్లాకు మెట్ల దగ్గర నోటీసు బోర్డుకు గుచ్చి వుంది. సంతకం చెయ్యబోయే ముందు ఒక ఉదయం అయిదున్నరకు మా హాస్టలు మేడ మీదికి రండి. ఆయన ఒకటో తారీఖునా, పదహారో తారీఖునా వస్తాడు.